పదో తరగతి వీడ్కోలు బొమ్మలాట: 14 రోజుల పని డైరీ (జేజి మోకాలితో సహా)

అనంతపురం పక్కన ఒక ఉన్నత పాఠశాలలో నేను భౌతికశాస్త్రం చెబుతాను. ఈసారి పదో తరగతి పిల్లలు వీడ్కోలుకు డ్యాన్సులొద్దు, తోలుబొమ్మలాట లాంటిది చేసి నవ్విస్తామన్నారు. పిల్లలు 38 మంది. హెడ్మాస్టరు గారు పెట్టిన షరతు ఒకటే: స్పెషల్ క్లాసు అయ్యాక రోజుకు 40 నిమిషాలు, అంతకు మించి ఒక్క నిమిషం కూడా కుదరదు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు కాబట్టి ఆయన్ని తప్పు పట్టలేను.

వేరే బడిలో ఎవరైనా చేయాలనుకుంటే మా డబ్బులు పోయిన చోట వాళ్ళవి పోకూడదని ఇది రాస్తున్నాను. పిల్లలు తలా 20 వేసుకుంటే చేతిలోకి వచ్చింది 760 రూపాయలు.

రోజు 1, 2: వెలుగు దగ్గరే బోల్తా

తెరకు ఒకబ్బాయి వాళ్ళ తాత పంచె తెచ్చాడు. పొడవు 3.6 మీటర్లు. ల్యాబ్ గదిలో అడ్డంగా తాడు కట్టి వేలాడదీస్తే కనబడే ఎత్తు 110 సెంటీమీటర్లు వచ్చింది. డ్రాయింగ్ షీటు కత్తిరించి 30 సెంటీమీటర్ల మనిషి బొమ్మ చేశాం. తెరకు 2 మీటర్ల వెనక గోడకు నాలుగడుగుల ట్యూబ్‌లైటు ఎలాగూ ఉంది, అదే వేశాం. బొమ్మను తెరకు 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నాం.

తెర మీద ఏమీ లేదు. బూడిదరంగు మేఘంలాంటిది అటూ ఇటూ కదిలింది, అంతే.

"మేడం, ఇది నేనా, నా దయ్యమా?" అన్నాడు బొమ్మ పట్టుకున్నవాడు.

లెక్క చూస్తే వాడి తప్పేం లేదు. నీడ అంచున ఎంత మసక వస్తుందో తెలియాలంటే దీపం వెడల్పును బొమ్మకూ తెరకూ ఉన్న దూరంతో గుణించి, దీపానికీ బొమ్మకూ ఉన్న దూరంతో భాగిస్తే చాలు. 30 సెంటీమీటర్ల దూరంలో మాకు వచ్చిన లెక్కలు:

1. ట్యూబ్‌లైటు (పొడవు 120 సెం.మీ.): ఆ పొడవు దిక్కున మసక 21 సెం.మీ.
2. తెల్లబుడ్డి ఎల్‌ఈడీ బల్బు (6 సెం.మీ.): 1 సెం.మీ.
3. పాతకాలం 60 వాట్ల బల్బు, లోపలి తీగ 3 సెం.మీ.: అర సెం.మీ.

మూడోదే మేలని పాత బల్బులు రెండు, హోల్డరు, వైరు కొనేశాను. నీడ చక్కగా వచ్చింది. ఇంకో తంటా మొదలైంది. బొమ్మతో పాటు కర్ర నీడ, పిల్లల చేతుల నీడ, వెనక వంగి నిలబడ్డవాడి ముక్కు నీడ కూడా అంతే చక్కగా వచ్చాయి. తెర మీద ఒక బొమ్మ, దాని వెనక ఐదు ముక్కులు.

రెండో రోజు చివర్లో విసిగిపోయిన ఒకమ్మాయి బొమ్మను తెరకే అదిమి పట్టింది. అప్పుడు గదిలో ట్యూబ్‌లైటు కూడా వెలుగుతూనే ఉంది. బొమ్మ అంచులు కత్తిరించినట్టు వచ్చాయి. తెరకు పది సెంటీమీటర్లు వెనకున్న కర్ర మాత్రం కనబడలేదు. లెక్కేస్తే ట్యూబ్‌లైటుకు ఆ దూరంలో 6 సెంటీమీటర్ల మసక వస్తుంది, పెన్సిలంత కర్ర అందులో కరిగిపోయింది. తెరకు అంటుకున్న బొమ్మకు దూరం సున్నా, కాబట్టి మసకా సున్నా.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట బొమ్మలాటగాళ్ళు బొమ్మను తెరకు ఆనించి ఆడిస్తారని చిన్నప్పటి నుంచీ చూసినదాన్నే. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వస్తే పేపరు కత్తిరించి క్లాసులో చూపించినదాన్ని కూడా. ఎందుకలా ఆనిస్తారో మాత్రం ఇన్నేళ్ళలో ఆలోచించలేదు. ఫిజిక్స్ టీచరుగా ఇది ఒప్పుకోవడం కొంచెం కష్టమే.

మార్పు: గోడ మీది ట్యూబ్‌లైటే ఖాయం. తెర పైఅంచును ప్రేక్షకుల వైపు 8 సెంటీమీటర్లు వాల్చాం. అప్పుడు బొమ్మ దాని బరువుకు అదే తెర మీద ఒరుగుతుంది, చెయ్యి నొప్పి పుట్టదు.

ఖర్చు: డ్రాయింగ్ షీట్లు 12కు 96, తాడు 40, బల్బులు 50, హోల్డరు వైరు 120.
ఇంతవరకు: 306 రూపాయలు, 1 గంట 20 నిమిషాలు.

రోజు 3 నుంచి 5: బొమ్మకు రంగు కావాలంటే

డ్రాయింగ్ షీటు బొమ్మకు నల్లనీడ తప్ప ఇంకేం రాదు. మా ఇంట్లో నిమ్మలకుంట తోలుతో చేసిన లైటు గొడుగు ఒకటి ఉంది, దాన్ని బడికి తీసుకెళ్ళాను. మేకతోలును గీకి గీకి పలచన చేస్తారు, వెలుగు అందులోంచి దాటుతుంది, అందుకే రంగు తెర మీద పడుతుంది. నగల దగ్గర చుక్కలు చుక్కలుగా కొట్టిన చిల్లులు తెల్లగా మెరుస్తాయి. మాకు తోలు వద్దు, వెలుగు దాటే వస్తువేదైనా చాలు.

మొదటి ప్రయత్నం, నూనె కాగితం. డ్రాయింగ్ షీటుకు రెండు చెంచాల శనగనూనె పట్టించి ఆరబెట్టాం. వెలుగు బాగానే దాటింది, స్కెచ్ పెన్ను రంగులు కూడా బాగున్నాయి. మరుసటి రోజు ల్యాబు తలుపు తీస్తే బల్ల నిండా చీమలు. అనంతపురం జిల్లాలో శనగనూనె ఆరబెడితే చీమలకు కబురు పంపాల్సిన పని లేదు. తుడిచి, తెరకు ఆనించి చూసేసరికి తాత పంచె మీద మనిషి ఆకారంలో నూనె మరక. పంచె ఇంటికి తిరిగి పోలేదు. తాతకు కొత్తది కొనిచ్చాం, మరక పంచెను ఉతికి, తలకిందులు చేసి, మరక పైన మడతలో దాచి మేము వాడుకున్నాం.

రెండో ప్రయత్నం, పాత ఎక్స్‌రే ఫిల్ములు. ఇది పనికొచ్చింది, కాబట్టి వివరంగా రాస్తున్నాను.

1. ఇంట్లో పడి ఉన్న పాత ఫిల్ములు తెమ్మన్నాం, 23 వచ్చాయి. పెద్దవి 35 × 43 సెంటీమీటర్లు. డాక్టరు ఇంకా చూడాల్సినవి తేకూడదు. రోగి పేరు, వయసు ఉన్న మూలను ఇంట్లోనే కత్తిరించి తేవాలి.
2. ఆరుబయట, బక్కెట్లో 5 లీటర్ల నీళ్ళకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, అడుగున దిగిన సున్నం రాకుండా గుడ్డతో వడగట్టాలి.
3. గ్లౌజులు వేసుకుని పెద్దవాళ్ళే చేయాలి. ఆ నీళ్ళలో బాత్‌రూం కడిగే యాసిడ్ చుక్క కూడా కలవకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. (బ్లీచింగ్ పౌడరు పదో తరగతి పాఠంలో ఉన్నదే. పరీక్షకు వస్తుందని కూడా చెప్పాను, అప్పుడు విన్నారు.)
4. ఫిల్మును ముంచి ఉంచితే 25 నిమిషాలకు నల్లపూత మెత్తబడి జారుతుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, రెండు నీళ్ళలో కడిగి ఆరేయాలి. లేత నీలం రంగు ప్లాస్టిక్ షీటు మిగులుతుంది.
5. వాడిన నీళ్ళను చెట్ల మొదట్లో పోయకండి. మేము దూరంగా గుంట తీసి అందులో పోశాం.

23లో 14 తెల్లబడ్డాయి. తొమ్మిది కదల్లేదు. రెండు గంటలు నానబెట్టినా పూత గట్టిగానే ఉంది. చూస్తే ఆ తొమ్మిదీ ఈ మధ్య తీసిన డిజిటల్ ఫిల్ములు. పాతకాలం తడి ఫిల్ములే (రసాయనాల్లో ముంచి కడిగినవి) దీనికి పనికొస్తాయి, కాబట్టి ముందు ఒక మూల ముక్క నానబెట్టి చూసుకోండి.

కదలని వాటిలో ఒకమ్మాయి వాళ్ళ జేజి (నాయనమ్మ) మోకాలు ఉంది. నల్లటి ఫిల్ములో ఎముక తెల్లగా ఉంటుంది కదా, తెరకు ఆనిస్తే మోకాలు దీపంలా వెలిగింది. పిల్లలు దాన్ని వదల్లేదు. మా ఆటకు సూత్రధారులు బొమ్మలాటలో ఎప్పుడూ ఉండే నవ్వించే పాత్రలు కేతిగాడు, బంగారక్క. (పెద్దల ఆటలో వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవి బడిలో చెప్పేవి కావు, పేర్లు మాత్రమే అరువు తెచ్చుకున్నాం.) కేతిగాడి ఒళ్ళంతా జేజి మోకాలి ఫిల్ముతో చేసి, పైన బోడితల కట్టారు. బోడిగుండుకూ మోకాలికీ ముడి పెట్టడమంటే ఏమిటో తెలుగు సారు ఐదేళ్ళుగా చెబుతున్నారు, పిల్లలు నిజంగానే దారంతో ముడేసి చూపించారు.

మిగిలిన ఎనిమిది నల్ల ఫిల్ములు బెంచీలకు, లేపాక్షి నందికి, స్తంభానికి పోయాయి.

రంగుకు పర్మనెంట్ మార్కర్లు వాడాం. ఒక వైపు మాత్రమే వేస్తే తెర మీద వెలిసిపోయినట్టుంది. రెండు వైపులా వేస్తేనే నిండుగా వచ్చింది.

ఖర్చు: బ్లీచింగ్ పౌడరు 60, గ్లౌజులు 50, మార్కర్లు 150, తాతకు పంచె 260.
ఇంతవరకు: 826 రూపాయలు, 3 గంటల 20 నిమిషాలు. వసూలు దాటిపోయాం.

రోజు 6, 7: 38 మంది, 14 ఫిల్ములు

ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ చేస్తామన్నది పిల్లల మాట. కుదరదని మూడు బొమ్మలు చేశాకే తెలిసింది. ఒక బొమ్మకు ఒక ఫిల్ము మొత్తం పోతోంది, దాదాపు గంట పడుతోంది.

దారి చూపింది టైలరు గారి అబ్బాయి. ఒళ్ళు ఆరు చాలు, తలలు మాత్రం మార్చుకుందామన్నాడు. ఒక ఫిల్ములో 13 × 16 సెంటీమీటర్ల తలలు ఆరు వస్తాయి. ఆరు ఒళ్ళకు ఆరు ఫిల్ములు, మిగిలిన ఎనిమిదింట్లో 48 తలలు. మాకు కావలసినవి పిల్లలవి 38, టీచర్లవి 5, కేతిగాడు, బంగారక్క కలిపి 45. మూడు తలలు మిగిలాయి, మూడూ తప్పు కత్తిరించి పాడుచేశాం. లెక్క సరిపోయింది.

తలను ఒంటికి బిగించడానికి రవికెలకు కుట్టే టిచ్ గుండీలు పెట్టాం. మెడ దగ్గర ఒక సగం, తల వెనక ఇంకో సగం. చటుక్కున పీకి, చటుక్కున పెట్టొచ్చు. తల మార్చడానికి మొదట 11 సెకన్లు పట్టేది, చివరికి 3 సెకన్లకు వచ్చింది. అమ్మాయి ఒంటి మీద అబ్బాయి తల పడటం మొదట్లో పొరపాటు, తర్వాత తర్వాత కావాలనే చేశారు.

చేతులు, మోకాళ్ళ దగ్గర కీళ్ళకు ఫైళ్ళకు వాడే ఇత్తడి పిన్నులు కొన్నాను. వాటి రెక్కలు చిక్కుకుని ఒక్క రిహార్సల్లో పంచె నాలుగు చోట్ల చిరిగింది. తీసేశాం. ఇప్పుడు చేసే పద్ధతి: కాల్చిన సూదితో చిల్లు పొడిచి, లావు నూలుదారం దూర్చి, రెండు వైపులా ముడి. ముడి మరీ బిగిస్తే చెయ్యి కదలదు. దారానికీ ఫిల్ముకూ మధ్య అగ్గిపుల్ల పెట్టి ముడేసి, తర్వాత పుల్ల లాగేస్తే సరిగ్గా ఉంటుంది.

కర్రల సంగతి చిన్నదే. చీపురు పుల్ల వంగింది, అగరుబత్తి పుల్ల విరిగింది. ఒంటికి 45 సెంటీమీటర్ల వెదురు బద్ద, చేతికి పాత సైకిల్ స్పోకు. సైకిల్ షాపతను స్పోకులు ఊరికే ఇచ్చాడు.

ఖర్చు: పిన్నులు 45, దారం 20, టిచ్ గుండీలు 40.
ఇంతవరకు: 931 రూపాయలు, 4 గంటల 40 నిమిషాలు.

రోజు 8: పగలే చీకటి చేయాలి

సాయంత్రం ఆరు తర్వాత పిల్లల్ని ఉంచలేం, ఆడపిల్లలు ఊళ్ళకు పోవాలి. ఆట మధ్యాహ్నం మూడుకే పడాలి. ల్యాబుకు రెండు కిటికీలు, రెండూ తూర్పు వైపే, తెర వెనక గోడలో. మొదట గోనెసంచులు కట్టాం. గోనె అల్లికలోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా కారింది. లోపల నల్లచార్టులు రెండు పొరలు అంటించాక చీకటి పడింది.

చార్టుకు ఒక మూల టేపు ఊడి, రూపాయి బిళ్ళ కన్నా చిన్న కంత మిగిలింది. ట్యూబ్‌లైటు ఆపి, ఎంత చీకటైందో చూద్దామని కూర్చున్నాం. రెండు నిమిషాలకు ఒకడు అరిచాడు.

"మేడం, హెడ్మాస్టరు సారు తలకాయ కిందికి పెట్టి నడుస్తాండారు!"

పంచె మీద మా బడి ఆవరణ తలకిందులుగా పడింది. వేపచెట్టు పై నుంచి కిందికి వేలాడుతోంది. గేటు, సైకిళ్ళు, రాగిజావ గ్లాసులు కడిగే కుళాయి, అన్నీ తలకిందులు. సారు కూడా, చేతిలో రిజిస్టరుతో. సూది బెజ్జం కెమెరా అట్టపెట్టెతో చేయించాను గానీ, మేమే పెట్టె లోపల కూర్చుంటామని అనుకోలేదు. ఆ రోజు 40 నిమిషాల్లో 30 దానికే పోయాయి. నేనేం అనలేదు.

తర్వాత దీన్ని కొలిచాం, ఎందుకంటే పిల్లలకు అప్పటికే ఒక ఆలోచన వచ్చింది.

1. కంత 1 సెంటీమీటరు ఉండాలి. అర సెంటీమీటరైతే బొమ్మ స్పష్టంగా ఉంటుంది గానీ కనబడనంత మసకవెలుతురు. 2 సెంటీమీటర్లయితే వెలుతురు ఉంటుంది, మనిషిని గుర్తుపట్టలేం.
2. కంత నుంచి తెర 2 మీటర్లు. బయట 8 మీటర్ల దూరంలో ఉన్న మనిషి (160 సెం.మీ.) తెర మీద 40 సెంటీమీటర్లు. గేటు దగ్గర, అంటే 20 మీటర్లలో, 16 సెంటీమీటర్లు.
3. తూర్పు కిటికీ కాబట్టి మధ్యాహ్నమే పని చేస్తుంది. అప్పుడు ఎండ పడమటి నుంచి వచ్చి బయటివాళ్ళ మీద పడుతుంది. పొద్దున తొమ్మిదికి చూస్తే ఎండ నేరుగా కంతలోకి కొట్టింది, ఏమీ కనబడలేదు.
4. మూడు గంటలకు బడి గోడ నీడ 4 మీటర్ల దాకా ఉంటుంది. దాన్ని దాటి ఎండలో నడిచేవాళ్ళే కనబడతారు.
5. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి కనీసం 4 నిమిషాలు కావాలి. ఇది తప్పించడానికి వీల్లేదు.

ఖర్చు: నల్లచార్టులు 14కు 140, టేపులు 70.
ఇంతవరకు: 1,141 రూపాయలు, 5 గంటల 20 నిమిషాలు.

రోజు 9 నుంచి 11: మాటలు, అసలు దెబ్బ తగిలింది ఇక్కడే

వెలుగులో తప్పులకు డబ్బులు పోయాయి. ఇక్కడి తప్పుకు ఒక పిల్లవాడు రెండు రోజులు బడికి రాలేదు.

ఎవరి మీద ఎవరైనా జోకు రాయొచ్చని చెప్పాను. అదే నా పొరపాటు. 94 జోకులు వచ్చాయి. కేతిగాడు హాజరు పిలుస్తాడు, ఒక్కో పేరుకు ఒక తల తెర మీదికి వస్తుంది, బంగారక్క వాళ్ళ గురించి ఒక మాట చెబుతుంది. ఇదీ ఆట కట్టు.

మా క్లాసులో ఒకబ్బాయి అమ్మానాన్నలు ఏటా కూలిపనికి బెంగుళూరు పోతారు. వాడూ వాళ్ళతో పోతాడు, దసరా దాటాక వస్తాడు. వాడి తల తెర మీదికి వచ్చినప్పుడు బంగారక్క మాట ఇది: "ఈయప్ప మన గెస్ట్ లెక్చరరు. టైముంటే వస్తాడు." రిహార్సల్లో అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. వాడు కూడా నవ్వాడు, అందుకే మాకెవరికీ అనుమానం రాలేదు. మరుసటి రోజు పెట్టెలో 44 తలలే ఉన్నాయి. వాడి తల వాడే తీసుకుపోయాడు.

రెండు రోజుల తర్వాత వచ్చాడు. తల బ్యాగులోనే ఉంది, మడత పడకుండా అట్టల మధ్య పెట్టుకున్నాడు. నేను క్షమించమని అడిగాను. వాడు "ఏం లేదులే మేడం" అన్నాడు. ఏం లేదంటే ఏముందో టీచరు ఉద్యోగంలో పదహారేళ్ళు ఉన్నాక తెలుస్తుంది.

పద్ధతి మార్చాం.

1. ఎవరి మాట వాళ్ళే రాసుకోవాలి.
2. వేరేవాళ్ళు కలపాలంటే, ఆ మనిషి ఒంటరిగా చదివి టిక్ పెట్టాలి. అందరి ముందు అడగకూడదు. అందరి ముందు ఎవరైనా సరేనంటారు.
3. రంగు, బరువు, ఇంటి సంగతి, మార్కులు: వీటి మీద టిక్ పెట్టినా తీసేయాలి.
4. టీచర్లకూ ఇదే రూలు.

94 కాస్తా 61 అయ్యాయి. నా మీద ఏడు ఉంటే మూడు కొట్టేశాను. పిల్లలు గోల చేశారు: "మీరే టిక్ పెట్టకపోతే ఎట్ల మేడం?" నా స్కూటరు రోజూ గేటు దాకా తోస్తేనే స్టార్టవుతుందన్న మాటను మళ్ళీ ఒప్పుకోవాల్సి వచ్చింది. 'ఐదే నిమిషాలు' అని నేను తీసుకునే 20 నిమిషాలు కూడా. 'యూనిట్ రాయకపోతే మార్కు లేదు' అన్నది మొదటి నుంచీ ఉంది, అది జోకని నేను అనుకోలేదు.

గెస్ట్ లెక్చరరు తన మాట తానే రాసుకొచ్చాడు: "మా నాయన పని కాడ మేస్త్రీ మూడు భాషల్లో తిడతాడు. నాకు మూడూ అర్థమైతాయి. పదో తరగతిలో ఆ పేపర్ లేదు గానీ, ఉంటే నూటికి నూరు." ఆట మొత్తంలో ఎక్కువసేపు నవ్వింది దీనికే. పైన 'గెస్ట్ లెక్చరరు' అన్న పిలుపును కూడా ఉంచమని వాడే టిక్ పెట్టాడు.

లేపాక్షి యాత్ర ఒక అంకం. వేలాడే స్తంభం కింద అందరూ చేతిరుమాలు, టవలు దూరుస్తుంటే ఒకడు ప్రోగ్రెస్ కార్డు దూర్చాడు, అటువైపు నుంచి మార్కులు మారి వస్తాయేమోనని. మా ఫిల్ము స్తంభాన్ని నేలగీత నుంచి 2 సెంటీమీటర్లు పైకి పెడితే వెనక కూర్చున్నవాళ్ళకు సందు కనబడలేదు, 5 చేశాం. అసలు గుడిలో సందు అంత ఉండదు, ఉన్నదున్నట్టు చూపిస్తే బొమ్మలాట ఎందుకవుతుంది!

చివరి అంకం వీలునామా. తొమ్మిదో తరగతి వాళ్ళకు పదో తరగతి రాసిచ్చే ఆస్తి. అందులోంచి కొన్ని:

"మూడో బెంచీ ఎడమ కాలు కిందున్న సాంఘికశాస్త్రం గైడు మీదే. తీయొద్దు. తీస్తే బెంచీ పడుతుంది, నమ్ముకుని చదివితే మీరు పడతారు."

"కిటికీ పక్క ఫ్యానుకు సున్నా, ఐదు, ఈ రెండే నంబర్లు. మధ్యలో ఉన్నవి గవర్నమెంటు వాళ్ళు ముచ్చటకు రాసినవి."

"కుళాయి మూయాలంటే ఎడమకు తిప్పాలి, రెండున్నర చుట్లు. మాకు ఈ సంగతి తెలియడానికి రెండేళ్ళు, నాలుగు యూనిఫాంలు పట్టింది."

"బడి మిద్దె మీద 11 టెన్నిస్ బంతులు ఉండాయి. ఎక్కినవాళ్ళకు ఐదు, నిచ్చెన పట్టుకున్నవాళ్ళకు ఆరు. నిచ్చెన పట్టుకోవడమే కష్టం, పీఈటీ సారు ముందు కనబడేది వాళ్ళే."

"వేపచెట్టు నీడ పదిన్నర దాకా సైకిళ్ళది, తర్వాత ఎవరిదైతే వాళ్ళది."

ఖర్చు: మాటల జిరాక్సు, 8 పేజీలు ఆరు సెట్లు, 48.
ఇంతవరకు: 1,189 రూపాయలు, 7 గంటల 20 నిమిషాలు.

రోజు 12, 13: రిహార్సళ్ళు

మాటలు ముందే ఫోన్లో రికార్డు చేసి బ్లూటూత్ స్పీకర్లో పెడదామని చూశాం. తల మార్చేవాడికి ఒక్క సెకను ఆలస్యమైతే చాలు, ఒకరి మాట ఇంకొకరి మూతికి పడుతోంది. రికార్డింగు ఆగదు కదా. వదిలేశాం. తెర వెనక నిలబడి నలుగురు గట్టిగా చదవడమే మేలు. నవ్వులు ఆగేదాకా ఆగొచ్చు, అది రికార్డింగుకు చేతకాదు.

మొదటిసారి 52 నిమిషాలు పట్టింది. మధ్యలో చూస్తున్న ఆయమ్మ లేచి వెళ్ళి బెల్లు కొట్టి వచ్చింది. జోకులు 61 నుంచి 47కు తగ్గించి, తలలను హాజరు వరుసలో తాడుకు క్లిప్పులతో వేలాడదీశాక 31 నిమిషాలకు వచ్చింది.

హెడ్మాస్టరు సారు బొమ్మ పెద్దగా పెరిగే చోటు ఒకటుంది. తలతో కలిపి 52 సెంటీమీటర్ల బొమ్మ 104 కావాలి. దానికి ట్యూబ్‌లైటు ఆపి, బొమ్మను తెరకూ దీపానికీ సరిగ్గా మధ్యలో, అంటే ఒక మీటరు దగ్గర పట్టుకోవాలి. నేను కొన్న 60 వాట్ల బల్బుకు ఆ దూరంలో 3 సెంటీమీటర్ల మసక వచ్చింది, సారు మీసం కనబడలేదు. మీసం లేకపోతే సారు కాదన్నారు. ఫోను ఫ్లాష్‌లైటు వేస్తే మీసం వెంట్రుకలతో సహా వచ్చింది. ఆ విధంగా బల్బులు, వైరు పూర్తిగా దండగ.

ఇంతవరకు: ఖర్చు అంతే, 8 గంటల 40 నిమిషాలు.

దండగైనవి కూడితే బల్బులు, వైరు 170, ఇత్తడి పిన్నులు 45, తాత పంచె 260, మొత్తం 475. అవి లేకపోతే 714తో పని అయిపోయేది, 760లో 46 మిగిలేవి. వసూలు మీద పడిన 429 స్టాఫ్ రూమ్ భరించింది. ఉగ్గాని, బజ్జీల లెక్క ఇందులో లేదు, అది ఎవరూ చెప్పడం లేదు.

రోజు 14

మూడు గంటలకు మొదలు. తొమ్మిదో తరగతి 41 మంది, టీచర్లు, కొందరు అమ్మలు, ఒక జేజి. కేతిగాడు తెర మీదికి రాగానే "అది నా మోకాలే" అని జేజి పక్కవాళ్ళకు చెప్పుకుంది.

తప్పులు: రెండు తలలు తారుమారు. బంగారక్క చెయ్యి ఊడి కింద పడితే చదివే అమ్మాయి "చెయ్యిచ్చింది" అని అక్కడికక్కడే కలిపింది, రాసిన జోకుల కన్నా బాగుంది. హెడ్మాస్టరు సారు తన మీసం చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోను తీసి ఫోటో తీసుకున్నారు.

వీలునామా దగ్గరికి వచ్చేసరికి ట్యూబ్‌లైటు ఆపేశాం. చీకట్లో ఒక్కడే చదువుతున్నాడు, చేతిలో చిన్న ఎర్ర లైటు. నాలుగున్నర నిమిషాల చదువు. ఆ చీకట్లోనే మిగిలినవాళ్ళు ఒక్కొక్కరుగా వెనక తలుపులోంచి జారుకున్నారు, ఎవరి తల వాళ్ళు తీసుకుని. చదువు అయిపోగానే నేను కంత మీది అట్ట తీశాను.

పంచె మీద ఆవరణ పడింది. గోడ నీడ దాటి పదో తరగతి నడుస్తోంది, గేటు వైపు, తలకిందులుగా, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో తల. మొదట నలభై సెంటీమీటర్లు, తర్వాత ముప్పై, ఇరవై. తొమ్మిదో తరగతిలో ముందు వరుసవాడు వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"మేడం, ముప్పై ఏడే ఉండారు."

ముప్పై ఎనిమిదోవాడు ఇంకా తెర పక్కనే కాగితం మడుస్తున్నాడు. గెస్ట్ లెక్చరరు. "పోరా, అయిపోతాది" అన్నాను. ఎర్ర లైటు నా చేతిలో పెట్టి తలుపు వైపు పరిగెత్తాడు. కాసేపు పంచె మీద గేటు దగ్గర చిన్న చిన్న మనుషులు మాత్రమే ఉన్నారు. ఆ తర్వాత పై అంచు నుంచి వాడొచ్చాడు, అందరికన్నా పెద్దగా, చెప్పులు చేత్తో పట్టుకుని.